చింపని నోటు: మూకీ చిత్రాల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మొన్న సెలవుల్లో మా అమ్మాయి ఒక పాత అమెరికన్ మూకీ చిత్రాన్ని ఇంట్లో పెట్టి చూపించింది. దక్షిణ రాష్ట్రాలలో పత్తి తోటల యజమాని ఒకాయన అప్పుల పాలవుతాడు. ఆయన రాసిచ్చిన నోటు చేతిలో ఉన్న పెద్దమనిషి, కూతురిని తనకిచ్చి పెళ్ళి చేస్తే ఆ కాగితం చింపివేస్తానంటాడు. తండ్రి పరువు నిలబెట్టడానికి ఆ పిల్ల సరేనంటుంది. పెళ్ళి ఘడియ వచ్చేసరికి ఆమె మనసిచ్చినవాడు డబ్బు తెచ్చి కాపాడతాడు. మా నాయనమ్మను రెండో పెళ్ళివాడికి ఇచ్చిన సంగతి గుర్తుకు వచ్చి నాకు కన్నీళ్ళు ఆగలేదు. అక్కడ నిజంగా ఇలా జరిగేదా, లేక ఇది కథకుల కల్పనా?
(ఒక పాఠకురాలు, ద్వారకానగర్, విశాఖపట్నం)

జవాబు: ఈ కథ మీరు చూసిన ఒక్క చిత్రానిది కాదు. సినిమా పుట్టక ముందు, పంతొమ్మిదో శతాబ్దంలో, అమెరికా నాటకశాలలు దీనిని ఊరు మార్చి, పేర్లు మార్చి మళ్ళీ మళ్ళీ ఆడాయి. తనఖాలో ఉన్న ఇల్లు, దగ్గర పడుతున్న గడువు, కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడిన అప్పులవాడు, లోపలి గదిలో కుమిలిపోతున్న కూతురు: ఈ సరంజామా అంతా మూకీలకు నాటకాలవాళ్ళ దగ్గరి నుంచే వచ్చింది.

ఇక నిజానిజాల మాట. అప్పుకు బదులుగా కూతురిని ఇచ్చుకోవాలని అక్కడి తెల్లవారికి ఏ చట్టమూ చెప్పలేదు. బాకీ తీరకపోతే అప్పులవాడు కోర్టుకు వెళ్ళి భూమిని, సామానును వేలం వేయించుకోగలడు గాని, పిల్లను అడిగే హక్కు అతనికి లేదు. బలవంతపు పెళ్ళిని రద్దు చేయమని కోర్టును కోరే వీలు కూడా ఉండేది. అయితే చట్టం అడగకపోయినా తండ్రి ముఖం చూసి తలవంచే పిల్లలు ఏ దేశంలోనైనా ఉంటారు; ఆ ఒత్తిడి కోర్టు కాగితాలకు ఎక్కదు. అప్పులవాడి కన్ను పిల్ల మీద పడటానికి ఇంకొక కారణం కూడా ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చిన సంప్రదాయ న్యాయం ప్రకారం పెళ్ళైన స్త్రీకి విడిగా ఆస్తి అంటూ ఉండదు. ఆమె తెచ్చుకున్న సొమ్ము భర్తది అవుతుంది, ఆమె భూమి మీద పెత్తనం భర్తకు వస్తుంది. ఆస్తికి వారసురాలైన పిల్లను పెళ్ళాడినవాడికి వేలంపాట అవసరమే లేదు.

ఈ పద్ధతికి తొలినాళ్ళలోనే గండి కొట్టిన రాష్ట్రాలలో మిసిసిపీ ముఖ్యమైనది. 1837లో అమెరికాలో బ్యాంకులు కూలి, పత్తి ధర పడిపోయి, తోటల యజమానులు అప్పుల్లో మునిగిన తరువాత, పెళ్ళైన స్త్రీ తన పేరిట ఆస్తి ఉంచుకోవచ్చునని అక్కడి శాసనసభ 1839లో చట్టం చేసింది. భర్త చేసిన అప్పులకు భార్య పుట్టింటి ఆస్తి జప్తు కాకుండా కాపాడుకోవచ్చునన్న ఆలోచన దాని వెనుక ఉంది. స్త్రీల మీద దయతో చేసిన చట్టమని మనం అనుకోబోయే లోపల దాని సెక్షన్లు చదవాలి. వాటిలో ఎక్కువ భాగం భార్య పేరిట ఉండే బానిసలను గురించినవే.

మీరు చూసిన చిత్రం చెప్పకుండా దాటవేసింది ఈ సంగతినే. దక్షిణ రాష్ట్రాలలో అప్పు కోసం మనుషులను నిజంగానే అమ్మారు. కాని అమ్ముడుపోయినవాళ్ళు యజమాని కూతుళ్ళు కారు. బానిసలను తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవడం, అప్పు తీరకపోతే వాళ్ళను వేలం వేయడం అక్కడ రోజువారీ వ్యవహారం. 1859 మార్చి 2, 3 తేదీలలో జార్జియాలోని సవానా పట్టణంలో పియర్స్ బట్లర్ అనే తోటల యజమాని తన అప్పులు తీర్చుకోవడానికి నాలుగు వందల పైచిలుకు మందిని వేలం వేశాడు. వాళ్ళలో భార్యాభర్తలున్నారు, చంటిపిల్లల తల్లులున్నారు. బానిసల పెళ్ళికి చట్టం దృష్టిలో ఏ విలువా లేదు కనుక, ఒక్క సంతకంతో ఎవరి కాపురమైనా చెదిరిపోయేది.

అదే ఏడాది డిసెంబరులో డియన్ బూసికో అనే ఐరిష్ నాటకకర్త రాసిన ‘ది ఆక్టరూన్’ (ఎనిమిదో వంతు నల్లజాతి రక్తం ఉన్న మనిషి అని అర్థం) నాటకం న్యూయార్కులో మొదలైంది. లూసియానాలో అప్పుల్లో చిక్కిన ఒక తోట; యజమానికి బానిస స్త్రీ వల్ల పుట్టిన జోయీ అనే అమ్మాయి. చనిపోయిన తండ్రి ఆమెకు విడుదల పత్రం రాసి ఇచ్చాడు. అయితే ఆ పత్రం రాసేనాటికే ఆస్తి మీద తీరని బాకీ ఉన్నందున అది చెల్లదని ప్రతినాయకుడు కాగితాలు వెతికి తేలుస్తాడు. జోయీ తిరిగి ఆస్తి అవుతుంది. వేలంలో ఇరవై అయిదు వేల డాలర్లకు అతనే ఆమెను కొంటాడు. ఆమె విషం తాగుతుంది. అప్పు, కాగితం, ఇష్టం లేని మగవాడి చేతిలో పడటం: మీరు చూసిన కథలోని ముడి అంతా ఇందులో ఉంది, కాకపోతే ఇక్కడ ఆ ముడి ఎవరి మెడకు పడుతుందో స్పష్టంగా కనబడుతుంది. తరువాతి కాలపు చాలా చిత్రాలు ముడిని మాత్రం ఉంచుకుని, జోయీని పక్కకు తప్పించి, ఆమె చోట యజమాని తెల్లకూతురిని నిలబెట్టాయని నా అభిప్రాయం. మీ నాయనమ్మ కోసం వచ్చిన కన్నీళ్ళు నిజమైనవి, వాటిని నేను తక్కువ చేయడం లేదు. మళ్ళీ ఆ చిత్రం చూసినప్పుడు, పెళ్ళికూతురి వెనుక పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నల్లజాతి స్త్రీని కూడా ఒకసారి చూడమని మాత్రం నా మనవి.

ప్రశ్న: మాటలు లేని సినిమాలో వడ్డీ, గడువు, తనఖా వంటి లెక్కల సంగతులు ప్రేక్షకులకు ఎలా అర్థమయ్యేవి?
(ఒక పాఠకుడు, మధురవాడ)

జవాబు: కాగితాన్ని తెర నిండా చూపించేవారు. నోటు మీది అంకె, తేదీ, కింద వణికిన సంతకం ప్రేక్షకుడు చదువుకునేంతసేపు అలాగే నిలిచి ఉండేవి. గోడ మీది క్యాలెండరు, గంటల గడియారం మిగతా పని చేసేవి. సంభాషణలను మధ్య మధ్య అక్షరాల అట్టల మీద వేసేవారు. మన దేశంలో చాలా హాళ్ళలో తెర పక్కన ఒక మనిషి నిలబడి, చదువు రానివారి కోసం ఆ అక్షరాలను చదివి కథ చెప్పేవాడు. ఇలాంటి చిత్రం చూసేటప్పుడు ఆ కాగితం ఎవరి చేతుల్లోకి వెళుతుందో, ఎవరు చదవకుండా సంతకం పెడతారో, ఎవరు చదవగలిగి కూడా నోరు మెదపలేరో గమనిస్తూ ఉండండి. కథ సగం అక్కడే ఉంటుంది.

ప్రశ్న: అప్పుకు పిల్లను ఇవ్వడం అమెరికా కథ అంటున్నారు గాని, మన జిల్లాలో కన్యాశుల్కం కూడా ఇదే కదా? ఈ రెండింటికీ తేడా ఏమిటి? మన దేశపు మూకీలలో ఇలాంటి కథలు వచ్చాయా?
(ఒక ఉపాధ్యాయిని, గాజువాక)

జవాబు: రెండూ దగ్గరివే, కాని ఒకటి కావు. అమెరికన్ నాటకంలో అప్పు ముందు వస్తుంది, పిల్ల తరువాత వస్తుంది. తండ్రికి వేరే దారి లేక ఇచ్చాడన్న సానుభూతికి అక్కడ చోటుంది. కన్యాశుల్కంలో అప్పు ఉండనవసరం లేదు. పిల్ల పుట్టినప్పుడే ఆమెకు ధర ఉన్నట్టు లెక్క.

ఈ లెక్క ఊహించి చెప్పినది కాదు. విజయనగరం మహారాజు ఆనందగజపతి ఆజ్ఞతో, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల పట్టిక తయారు చేయించారు. గురజాడ అప్పారావు గారు 1897లో అచ్చయిన తన ‘కన్యాశుల్కం’ నాటకానికి ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఆ అంకెలు ఇచ్చారు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి చాలామంది వెనకాడినందున పట్టిక పూర్తి కాదని చెబుతూనే, అందులోకి ఎక్కిన పెళ్ళిళ్ళు 1,034 అని ఆయన రాశారు. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవారు 99 మంది, నాలుగేళ్ళవారు 44 మంది, మూడేళ్ళవారు 36 మంది, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. నేను ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా ‘ముగ్గురు’ అన్న మాట దగ్గర ఆగిపోతాను. నేటి మన నగరం, అనకాపల్లి, విజయనగరం అన్నీ ఆనాడు ఆ ఒక్క జిల్లాలోనే ఉండేవి. ఆ ముగ్గురూ మన ఇళ్ళలో పుట్టినవాళ్ళే.

మన్యం వైపు ఇంకొక సంగతి ఉంది, దానిలో వరుస తలకిందులవుతుంది. అక్కడ పెళ్ళే అప్పుకు కారణం. ఓలి, అంటే పెళ్ళికూతురి వారికి ఇచ్చే సొమ్ము, కట్టడానికో పెళ్ళి ఖర్చుకో కొద్దిపాటి సొమ్ము తీసుకున్న గిరిజన యువకుడు, అది తీరేదాకా షావుకారు దగ్గర ‘గోతి’గా చాకిరీ చేసేవాడు. ఏళ్ళు గడిచినా అసలు కరిగేది కాదు. మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీ ప్రాంతాల అప్పు బానిసత్వాన్ని రద్దు చేస్తూ ప్రత్యేక నిబంధన తీసుకురావలసి వచ్చింది. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో గాని రాలేదు.

మూకీల విషయానికి వస్తే, అప్పు గురించి మన దేశంలో వచ్చినవాటిలో ముందుగా చెప్పుకోవలసింది కొల్హాపూరులో బాబూరావు పెయింటర్ 1925లో తీసిన ‘సావ్‌కారీ పాశ్’. షావుకారు చేతిలో భూమి పోగొట్టుకుని, పట్నంలో మిల్లు కూలీగా మారిన రైతు కథ అది. ఆ రైతు వేషం వేసింది తరువాత గొప్ప దర్శకుడైన శాంతారాం. పెళ్ళి బేరం అందులో ప్రధానం కాదు గాని, పురాణ కథలు తెరను ఏలుతున్న రోజుల్లో అప్పు పత్రాన్ని కథకు కేంద్రం చేసిన ధైర్యం దానిది.

ప్రశ్న: అమెరికా దక్షిణ రాష్ట్రాల మూకీలు జాతి ద్వేషంతో నిండి ఉంటాయని మా అధ్యాపకులు చెప్పారు. అలాంటప్పుడు వాటిని చూడటం ఎందుకు? అవతలి పక్షం నుంచి తీసిన చిత్రం ఏదైనా ఉందా?
(ఒక డిగ్రీ విద్యార్థి, భీమునిపట్నం)

జవాబు: మీ అధ్యాపకులు చెప్పింది నిజం. బలవంతపు పెళ్ళి అన్న ఇతివృత్తాన్ని ద్వేషానికి వాడుకున్న చిత్రాలలో అన్నిటికంటె పెద్దది 1915లో వచ్చిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’. దర్శకుడు డి. డబ్ల్యు. గ్రిఫిత్ కెంటకీలో, అంతర్యుద్ధంలో దక్షిణ పక్షాన పోరాడిన కర్నలు ఇంట పుట్టాడు. ఆ చిత్రం చివరి భాగంలో సైలస్ లించ్ అనే మిశ్రమజాతి నాయకుడు ఒక తెల్ల యువతిని గదిలో బంధించి పెళ్ళికి బలవంతం చేస్తాడు. ఆమెను కాపాడటానికి ముసుగులు వేసుకున్న క్లాన్ (కు క్లక్స్ క్లాన్, నల్లజాతివారిని హింసించిన తెల్లవారి రహస్య సంస్థ) గుర్రాల మీద దౌడు తీస్తుంది. మీరు నూరేళ్ళ తరువాత చూసినా ఆ కూర్పు ఊపిరి బిగపట్టిస్తుంది, భయపడవలసింది అందుకే. సైలస్ లించ్ వేషం వేసినవాడు ముఖానికి రంగు పూసుకున్న తెల్లనటుడు. ఆ ఏడాదే జార్జియాలో క్లాన్ సంస్థ మళ్ళీ పుట్టింది.

అవతలి పక్షం నుంచి వచ్చిన చిత్రం ఉంది. బానిసత్వం చవిచూసిన తల్లిదండ్రులకు పుట్టిన ఆస్కార్ మిషో అనే నల్లజాతి రచయిత తానే డబ్బు కూర్చుకుని 1920లో విడుదల చేసిన ‘వితిన్ అవర్ గేట్స్’ అది. ఎవలిన్ ప్రియర్ అనే నటి పోషించిన సిల్వియా అందులో కథానాయిక. దక్షిణాన నల్లజాతి పిల్లల బడికి డబ్బు పోగుచేయడానికి ఆమె ఉత్తరాదికి వెళుతుంది. ఆమె గతం చివర్లో తెలుస్తుంది. ఆమెను పెంచిన తండ్రి జాస్పర్ లాండ్రీ పాలుకు భూమి చేసుకునే రైతు. ఖాతా పుస్తకం భూస్వామి దగ్గర ఉంటుంది, ఆయన చెప్పిందే బాకీ. చదువుకున్న సిల్వియా ఏడాది లెక్కంతా తనే వేసి, తండ్రి చేతికి ఒక కాగితం ఇచ్చి పంపుతుంది. ఇంతకుముందు చెప్పిన చిత్రాలలో కాగితం ఎప్పుడూ అప్పులవాడి చేతిలో ఉంటుంది. ఇక్కడ మొదటిసారి అది రైతు చేతిలో ఉంది, దాన్ని రాసింది ఒక ఆడపిల్ల. ఈ ఒక్క మార్పు కోసమైనా ఈ చిత్రాన్ని చూడాలని నేను మీకు గట్టిగా చెబుతాను.

ఆ కాగితానికి కట్టవలసి వచ్చిన వెల ఘోరమైనది. భూస్వామిని వేరొక తెల్లరైతు కిటికీలోంచి కాలుస్తాడు. నేరం లాండ్రీ మీద పడుతుంది. మూక ఆ భార్యాభర్తలను ఉరి తీస్తుంది. సరిగ్గా అదే సమయంలో భూస్వామి తమ్ముడు సిల్వియా మీద చేయి వేస్తాడు; ఆమె రొమ్ము మీది పాత మచ్చ చూసి, ఆమె తన సొంత కూతురని గుర్తుపట్టి ఆగిపోతాడు. మచ్చ చూసి గుర్తుపట్టడం పాత నాటకాల ఎత్తుగడే. ఇక్కడ మాత్రం అది ప్రేక్షకుడికి ఊరట ఇవ్వదు. తోటల యజమానుల ఇళ్ళలో తండ్రి పేరు లేని పిల్లలు ఎలా పెరిగారో ఒక్క క్షణంలో చెబుతుంది. అంతకుముందు వేసవిలోనే, 1919లో, షికాగోలో జాతి అల్లర్లు జరిగి ఉన్నందున అక్కడి సెన్సారు మొదట ఈ చిత్రాన్ని నిరాకరించింది.

లెక్కల సంగతి కల్పన కాదని తెలుసుకోవాలంటే 1911లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన బెయిలీ కేసు తీర్పు చూడండి. అలబామాలో అలాంజో బెయిలీ అనే నల్లజాతి కూలీ ఏడాది పనికి నెలకు 12 డాలర్ల జీతం మీద ఒప్పుకుని, 15 డాలర్లు బయానా తీసుకుని, కొంతకాలానికి పని మానేశాడు. డబ్బు తిరిగి ఇవ్వకుండా పని మానేస్తే చాలు, మోసం చేసే ఉద్దేశం మొదటి నుంచీ ఉన్నట్టే అని ఆ రాష్ట్ర చట్టం భావించేది. అప్పు కోసం మనిషిని చాకిరీకి కట్టివేయడమేనంటూ సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. తీర్పు వచ్చిన తొమ్మిదేళ్ళకు కూడా లాండ్రీ కథ చెప్పవలసిన అవసరం మిషోకు కలిగింది.

ప్రశ్న: ఇవన్నీ ఇప్పుడు దొరుకుతాయా?
(ఒక పాఠకుడు, పెందుర్తి)

జవాబు: చాలావరకు దొరకవు. ఆనాటి ఫిల్ము నైట్రేటుతో చేసినది, సులువుగా అంటుకుంటుంది, దానంతట అదే చివికిపోతుంది. పైగా టాకీలు వచ్చాక వాటికి విలువ లేదని నిర్మాతలే పారేశారు. అమెరికాలో తీసిన దాదాపు పదకొండు వేల పూర్తి నిడివి మూకీలలో తొలి రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమేనని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రకటించింది. మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీస్తే మిగిలినవి గుప్పెడు. మిషో చిత్రం కూడా పోయిందనే అనుకున్నారు. దాని ప్రతి ఒకటి ‘లా నేగ్రా’ అన్న పేరుతో స్పెయిన్‌లో 1970లలో బయటపడింది. 1993లో దానిని బాగుచేసినప్పుడు, స్పానిష్‌లో ఉన్న అక్షరాల అట్టలను తిరిగి ఇంగ్లీషులోకి తెచ్చుకోవలసి వచ్చింది. ఇప్పుడది ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు.

ప్రశ్న: సినిమా సంగతి అటుంచండి. మా ఊరిలో ఒకాయన, తన ప్రోనోటు బాకీ వదులుకుంటానని చెప్పి, బాకీ ఉన్నవారి అమ్మాయిని తన కొడుక్కి అడుగుతున్నాడు. అమ్మాయికి పదిహేడేళ్ళు, ఆమెకు ఇష్టం లేదు. అలాంటి ఒప్పందం చెల్లుతుందా?
(పేరు, ఊరు రాయవద్దని కోరిన పాఠకురాలు)

జవాబు: చెల్లదు. పిల్లను ఇవ్వడాన్ని బాకీకి ప్రతిఫలంగా పెట్టుకున్న ఒప్పందం ప్రజానీతికి విరుద్ధం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఏ కోర్టూ దానిని అమలు చేయదు. ఆ అమ్మాయికి పద్దెనిమిది నిండలేదు కనుక ఈ పెళ్ళి జరిపించడమే 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం కింద నేరం. మైనరును పెళ్ళి కోసం అమ్మినట్టు తేలితే 12వ సెక్షన్ ప్రకారం ఆ పెళ్ళి మొదటి నుంచీ లేనట్టే. పద్దెనిమిది నిండే దాకా ఆగి బలవంతం చేసినా, హిందూ వివాహ చట్టం కింద రద్దు కోరవచ్చు. అయితే బలవంతం తొలగిన నాటి నుంచి ఏడాది లోపల కోర్టుకు వెళ్ళాలి.

అప్పు విషయం పూర్తిగా వేరు. బాకీ నిజమైనదే అయితే అది తండ్రి మీదే ఉంటుంది, అప్పు ఇచ్చినాయన సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చు. ప్రోనోటుకు మూడేళ్ళ కాలపరిమితి ఉంది. అందువల్ల నోటు తిరగరాయమని అడిగితే, తారీఖు, అసలు, అప్పటిదాకా కట్టిన జమలు చూడకుండా ఆ తండ్రిని సంతకం పెట్టవద్దనండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగమనండి. మీరు ఆలస్యం చేయకుండా 1098కు ఫోన్ చేయండి, మీ పేరు చెప్పనవసరం లేదు. అమ్మాయి స్వయంగా మాట్లాడగలిగితే 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. విశాఖపట్నంలో జిల్లా కోర్టుల ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడిగితే, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. అక్కడికి వెళ్ళేటప్పుడు అమ్మాయి పుట్టిన తేదీ ఉన్న బడి సర్టిఫికెట్టు నకలు ఒకటి, దొరికితే ఆ నోటు నకలు ఒకటి దగ్గర పెట్టుకోండి.